డమాస్కస్ కత్తి అంటే ఏది? కోనసముద్రం ఉక్కుకీ, ఇప్పటి అలల కత్తులకీ ఉన్న సంబంధం

చేత్తో కత్తులు చేసేవాళ్ల వీడియో ఒక్కటి చూశారంటే చాలు, ఇక ఫోన్ నిండా అవే వస్తాయి. కొలిమి, సమ్మెట దెబ్బలు, నిప్పురవ్వలు, చివర్లో కత్తిని ఏదో ద్రావణంలో ముంచి తీయగానే దాని మీద తేలే అలల గీతలు. దాన్ని డమాస్కస్ అంటారు. మరోపక్క వాట్సాప్‌లో ఇంకో కథ తిరుగుతుంటుంది: డమాస్కస్ కత్తులు మన తెలంగాణ ఉక్కుతోనే చేశారు, ఆ రహస్యం పోయింది, అందులో నానో టెక్నాలజీ కూడా ఉందట అని. ఇక షాపింగ్ సైట్లలో చూస్తే అదే పేరుతో వేల రూపాయల కత్తీ ఉంటుంది, లక్షల కత్తీ ఉంటుంది.

ఇవన్నీ ఒకటి కాదు. ఒకే పేరు కింద కనీసం మూడు వేర్వేరు వస్తువులు చలామణీ అవుతున్నాయి. వాట్సాప్ కథలో నిజం చాలానే ఉంది, కానీ దాన్ని తీసుకెళ్లి తప్పు కత్తికి తగిలిస్తున్నారు. దీని మీద నాకింత పట్టింపు ఎందుకంటే, ఈ కలగాపులగంలో ఇద్దరికి అన్యాయం జరుగుతోంది. మూసల్లో, అంటే కాలినా తట్టుకునే మట్టి పాత్రల్లో, ఉక్కు కరిగించిన పాతవాళ్లకి ఒకటి, ఇవాళ చెమటోడ్చి పొరలు అతికిస్తున్న వాళ్లకి రెండు.

## ముందు కార్బన్ లెక్క తెలియాలి

ఇనుము, ఉక్కు, పోత ఇనుము మూడూ ఇనుమే. తేడా అంతా అందులో కలిసిన కార్బన్‌ది. దాదాపు కార్బన్ లేని ఇనుము మెత్తగా ఉంటుంది, ఎటు కొడితే అటు వంగుతుంది, ఎంత సానబెట్టినా పదును నిలవదు. 0.6 నుంచి 1 శాతం దాకా కార్బన్ ఉంటే అది కత్తులకు పనికొచ్చే ఉక్కు, ఎర్రగా కాల్చి నూనెలోనో నీళ్లలోనో ముంచితే గట్టిపడుతుంది. 2 శాతం దాటితే పోత ఇనుము, గట్టిదే కానీ సమ్మెట దెబ్బకి పగిలిపోతుంది.

తెలంగాణలో చేసిన పాత ఉక్కులో కార్బన్ సుమారు 1.5 శాతం. అంటే మామూలు కత్తి ఉక్కు కంటే బాగా ఎక్కువ, పోత ఇనుముకి కాస్త తక్కువ. ఆ మధ్యన ఉండటమే దాని విశేషం, దానితో పనిచేయడం అంత కష్టం కావడానికీ అదే కారణం.

## కోనసముద్రంలో చేసింది కత్తులు కాదు, ఉక్కు ముద్దలు

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం, నిర్మల్, జగిత్యాల చుట్టుపక్కల ఊళ్లు ఒకప్పుడు ఈ ఉక్కుకి పేరు మోసిన చోట్లు. 17వ శతాబ్దంలో గోల్కొండ వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, పర్షియాలో అలలు తేలే కత్తులకు పనికొచ్చే ఉక్కు గోల్కొండ రాజ్యం నుంచే వస్తుందని రాసి పెట్టాడు. 1820ల్లో సర్వే పని మీద ఈ ప్రాంతంలో తిరిగిన హెన్రీ వోయ్సీ కోనసముద్రం బట్టీలను కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. సరుకు కోసం పర్షియా వ్యాపారులు ఆ ఊరిదాకా వచ్చేవాళ్లని అందులో ఉంది. ఇస్ఫహాన్ నుంచి ఒక వ్యాపారి బయల్దేరి తెలంగాణ పల్లెలో ఉక్కు ముద్దలు ఏరుకోవడం అంటే, ఆ సరుకు ఎలాంటిదో ఊహించుకోవచ్చు.

తయారీ ఇలా ఉండేది. వరి పొట్టు కలిపిన బంకమట్టితో మూస చేస్తారు. అందులో ఇనుము వేసి, మూత పెట్టి, గాలి చొరకుండా మట్టితో మెత్తేస్తారు. కోనసముద్రంలో రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుముని కలిపేవాళ్లని వోయ్సీ రాశాడు, అందులో ఒకటి కార్బన్ తక్కువది, ఇంకొకటి ఎక్కువది అయ్యుండాలని ఇప్పటి పరిశోధకులు ఎక్కువగా అంటారు. మైసూరు వైపు పద్ధతి వేరు, అక్కడ మెత్తటి ఇనుముతో పాటు కట్టె ముక్కలూ తంగేడు లాంటి చెట్ల ఆకులూ వేసి కార్బన్ ఎక్కించేవాళ్లు. ఏ పద్ధతిలోనైనా మూసల్ని తిత్తులతో గాలి కొడుతూ గంటలకి గంటలు కాలుస్తారు, లోపలి ఇనుము కరిగి ద్రవమవుతుంది, తర్వాత దాన్ని మెల్లగా చల్లారనిస్తారు. మూస పగలగొడితే అరచేతిలో పట్టే ఉక్కు ముద్ద. ఇంగ్లిషు రాతల్లో వూట్జ్ అని కనిపించేది ఇదే.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, మూసలో ఉక్కు చేయడం ఒక్క తెలంగాణకే పరిమితం కాదు. తమిళనాడు, కర్ణాటక, శ్రీలంక, మధ్య ఆసియాలో మెర్వ్ లాంటి చోట్ల కూడా చేశారు. రెండోది, ఆ ముద్దని కత్తిగా సాగదీసే పని ఎక్కువగా పర్షియా లాంటి చోట్ల జరిగింది. సిరియాలోని డమాస్కస్ నగరంలో కత్తులు చేశారా, అమ్మారా, లేక అక్కడ యూరప్‌వాళ్ల కంటపడ్డాయి కాబట్టి ఆ పేరు వచ్చిందా అన్నది చరిత్రకారుల మధ్య ఇంకా తేలలేదు. కాబట్టి "డమాస్కస్ కత్తులన్నీ మన ఉక్కే" అనడం అతిశయం, "మనకి సంబంధం లేదు" అనడం అబద్ధం.

## పాత కత్తి మీద గీతలు దానంతట అవే ఎలా వచ్చాయి

ఈ కత్తుల మీద ఎవరూ గీతలు గీయలేదు, పొరలు పేర్చలేదు. ఒకే ముద్దని సాగదీస్తే లోపలి నుంచి ఆ నకాషీ తేలింది. ఎలా అన్న ప్రశ్న యూరప్ శాస్త్రవేత్తల్ని తెగ వేధించింది. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు మీద పరిశోధన సమర్పించాడు. 1820 ప్రాంతంలో మైఖేల్ ఫారడే, కత్తుల తయారీదారు జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి దీన్ని పరీక్షించాడు. విద్యుత్తు పాఠాల్లో చదువుకున్న ఆ ఫారడేనే, ఆయన తండ్రి కమ్మరి. రష్యాలో అనోసోవ్ అనే ఇంజనీరు ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు.

ఇవాళ ఎక్కువమంది ఒప్పుకునే జవాబు 1990ల్లో వచ్చింది, అదీ చిత్రమైన జోడీ నుంచి. ఒకాయన జాన్ వెర్‌హోవెన్, అమెరికాలో అయోవా స్టేట్ యూనివర్సిటీ లోహశాస్త్రవేత్త. రెండో ఆయన ఆల్ఫ్రెడ్ పెండ్రే, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే కమ్మరి, కత్తులు కూడా చేసేవాడు. వీళ్లు మూసలో ఉక్కు చేసి, సాగదీసి, పాత కత్తుల మీద ఉన్నలాంటి గీతలు మళ్లీ తెప్పించారు. 1998లో వాళ్లు చెప్పిన కారణం: ఇనుములో లేశమాత్రంగా ఉండే వనేడియం లాంటి మూలకాలు. 0.01 శాతం కూడా అక్కర్లేదు.

ముద్ద చల్లారేటప్పుడు ఈ మూలకాలు అన్నిచోట్లా సమానంగా సర్దుకోవు, ఆఖర్న గట్టిపడే సందుల్లోకి నెట్టుకుపోతాయి. సాగదీసేటప్పుడు ఆ సందులు పలచటి పట్టీలవుతాయి. కత్తిని మళ్లీ మళ్లీ కాల్చి చల్లారుస్తూ పోతే, ఎక్కువగా ఉన్న కార్బన్ ఇనుముతో కలిసి గట్టి రేణువులుగా మారి ఆ పట్టీల వెంబడే గుంపు కడుతుంది. యాసిడ్ పెడితే రేణువులు తెల్లగా నిలుస్తాయి, చుట్టూ ఉన్నది నల్లబడుతుంది. అదే అల.

దీన్నిబట్టి ఇంకో సంగతి అర్థమవుతుంది. ఈ ఉక్కుని యూరప్ కమ్మరులు తమ అలవాటు ప్రకారం తెల్లటి వేడికి తెచ్చి కొడితే ముక్కలైపోయేది. మరీ వేడెక్కించకుండా, ఎరుపు రంగు దాటకుండా, ఓపిగ్గా కొట్టాలి. ముద్ద చేతికొచ్చినంత మాత్రాన కత్తి రాదు.

## ఇప్పటి డమాస్కస్: పేర్చి, అతికించి, మడత పెట్టినది

ఇప్పుడు వీడియోల్లో కనిపించేది వేరే పని. మడత కాజా చేసేటప్పుడు పొర మీద పొర వేసి ఒత్తినట్టు, రెండు రకాల ఉక్కు రేకుల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే దిమ్మగా అతికిస్తారు. ఎక్కువమంది వాడే జంట 1084, 15ఎన్20. మొదటిది 0.84 శాతం కార్బన్ ఉన్న సాదా ఉక్కు. రెండోది బ్యాండ్‌సా రంపాల పట్టీల్లో వాడే ఉక్కు, అందులో సుమారు 2 శాతం నికెల్ ఉంటుంది.

రేకుల్ని శుభ్రంగా రుద్ది, పేర్చి, అంచులు వెల్డ్ చేసి, పట్టుకోవడానికి ఒక కమ్మీ తగిలిస్తారు. గ్యాస్ కొలిమిలో పెట్టి, మధ్యలో వెలిగారం చల్లుతారు. అది కరిగి గాజులా పాకి, గాలి తగలకుండా కాపాడుతుంది, పుట్టిన చిట్టేన్ని తనలో కలుపుకుని బయటికి తెస్తుంది. దిమ్మ 1200 డిగ్రీలు దాటి పసుపు రంగుకొచ్చాక దాగలి మీద పెట్టి మొదటి దెబ్బలు మెల్లగా వేస్తారు. గట్టిగా కొడితే అతుక్కోకముందే రేకులు జారిపోతాయి. ఆ పదిపదిహేను సెకన్లలోనే అంతా తేలిపోతుంది, ఎక్కడైనా అతుకు పట్టకపోతే చల్లారేటప్పుడు అక్కడ నల్లటి గీత కనిపిస్తుంది, అక్కడ రేకుల మధ్య ఖాళీ ఉన్నట్టే లెక్క.

పొరల లెక్క చూద్దాం. 1084వి 5 రేకులు, 15ఎన్20వి 4 రేకులు తీసుకుంటే 9 పొరలు. అతికిన దిమ్మని సాగదీసి 4 ముక్కలు కోసి మళ్లీ పేరిస్తే 36. ఇంకోసారి చేస్తే 144. ఇంకోసారికి 576. అంటే మొదటి అతుకు తర్వాత మూడే మూడు మడతలు. కాబట్టి "500 పొరల కత్తి" అని ఘనంగా చెప్పుకున్నా, అంకె పెంచడం కష్టం కాదు. 4 మిల్లీమీటర్ల మందం కత్తిలో 576 పొరలంటే ఒక్కో పొర సుమారు 0.007 మిల్లీమీటర్లు, తలవెంట్రుక కంటే ఎన్నో రెట్లు పలచన. పొరలు మరీ ఎక్కువైతే నకాషీ మసకబారి కంటికి ఆనదు.

అసలు పొరలన్నీ కత్తికి సమాంతరంగా ఉంటే పైకి ఏ బొమ్మా కనిపించదు, పై పొర ఒక్కటే కనిపిస్తుంది. అందుకే దిమ్మని మెలితిప్పుతారు, లేదా అడ్డంగా గాడులు కోసి మళ్లీ చదును చేస్తారు, లేదా చిన్న చిన్న గుంటలు తవ్వి కొడతారు. లోపలి పొరలు పైకి వంగి తేలి నిచ్చెన మెట్లో, వాన చినుకులో కనిపిస్తాయి. చివర్లో ముంచే ద్రావణం ఫెర్రిక్ క్లోరైడ్, సర్క్యూట్ బోర్డులు చేసేవాళ్లు వాడేదే, హైదరాబాద్ కోఠి లాంటి చోట ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడిగితే దొరికే సరుకు. సాదా ఉక్కు అందులో నల్లబడుతుంది, నికెల్ ఉన్నది తట్టుకుని మెరుస్తూ ఉంటుంది.

ఇదీ కొత్త విద్య కాదు. యూరప్‌లో వెయ్యేళ్ల కంటే ముందే ఇలాంటి అతుకు కత్తులు చేశారు, ఇంగ్లండ్‌లో సటన్ హూ తవ్వకాల్లో దొరికిన ఖడ్గం ఆ రకందే. కానీ అది మూస ఉక్కు కాదు.

## మరి దీనికి ఆ పేరెందుకు, ఆ గొడవేంటి

అమెరికాలో చేతి కత్తుల తయారీకి ఇవాళ ఉన్న ఊపు వెనక బిల్ మోరాన్ అనే కమ్మరి పేరు తప్పకుండా వస్తుంది. 1973లో ఆయన పొరలు అతికించిన కత్తుల్ని ఒక ప్రదర్శనలో పెట్టి, వాటిని డమాస్కస్ అన్నాడు. 1976లో అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టాడు. పేరు అలా స్థిరపడిపోయింది.

పేరు తప్పని వాదించేవాళ్ల మాట ఇది: ఒకటి ముద్దలోంచి పుట్టిన నకాషీ, ఇంకొకటి పేర్చి తెప్పించిన నకాషీ, రెండింటికీ ఒకే పేరు పెడితే కొనేవాడికి తప్పుడు సమాచారం ఇచ్చినట్టే, పైగా మూస ఉక్కు చేసిన దేశాల చరిత్రని వేరేవాళ్ల సరుకుకి ప్రకటనగా వాడుకున్నట్టవుతుంది. అవతలి పక్షం మాట కూడా వినదగ్గదే. పొరలు అతికించిన తుపాకీ గొట్టాల్ని యూరప్‌లో 19వ శతాబ్దంలోనే డమాస్కస్ అనేవాళ్లు, కాబట్టి ఈ వాడుక మోరాన్ కనిపెట్టింది కాదు, ఇన్నేళ్ల తర్వాత మార్చాలంటే ఎవరూ వినరు, పాతదాన్ని వూట్జ్ అని విడిగా పిలిస్తే సరిపోతుంది అంటారు వాళ్లు.

నా మటుకు నాకు రెండో వాదనే ఆచరణలో నిలబడేదిగా అనిపిస్తుంది. ఒక షరతు మీద. పొరల కత్తి అమ్ముతూ "ప్రాచీన భారత ఉక్కు రహస్యం" అని రాయకూడదు. పేరు పంచుకోవడం వేరు, చరిత్రని పంచుకోవడం వేరు.

## "పోయిన రహస్యం", నానోట్యూబులు

2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రవేత్త పీటర్ పాఫ్లర్ బృందం 17వ శతాబ్దపు కత్తి ముక్కని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూసి, కార్బన్ నానోట్యూబులు, అంటే అతి సన్నటి కార్బన్ గొట్టాలు, కనిపించాయని నేచర్ పత్రికలో రాసింది. వాట్సాప్ కథకి మూలం ఇదే. కానీ అది చూసిన వెర్‌హోవెన్ సందేహించాడు. ఉక్కులో మామూలుగా ఏర్పడే కార్బైడ్ (కార్బన్, ఇనుము కలిసిన ఆ గట్టి రేణువులే) కూడా పుల్లల్లా ఉండగలదు, వాళ్లకి కనిపించింది అదే కావచ్చు అన్నాడు. సరే, నానోట్యూబులు ఉన్నాయనే అనుకుందాం, అయినా వాటివల్లే కత్తి అంత బాగా తెగిందని రుజువైనట్టు కాదు. పాతవాళ్లకి నానో టెక్నాలజీ తెలుసనడానికి అసలే ఆధారం కాదు. వాళ్లకి తెలిసింది రంగు చూసి వేడి పట్టుకోవడం, ఏ ఊరి ఇనుము ఎంత కలపాలో గుర్తుంచుకోవడం. అది తక్కువ విద్యా?

రహస్యం ఎందుకు పోయిందన్న దానికీ ఒక్క జవాబు లేదు. యూరప్‌లో 1856 తర్వాత బెసెమర్ పద్ధతితో ఉక్కు టన్నులకొద్దీ చౌకగా తయారైంది, మూసలో ముద్దలు చేసేవాళ్లు దాని ధరతో పోటీ పడలేరు. వెర్‌హోవెన్ ఇంకో కారణం కూడా చెప్పాడు. వనేడియం ఉన్న ఖనిజం అయిపోయి ఉండొచ్చు, కొత్త ఖనిజంతో ఎంత జాగ్రత్తగా చేసినా గీతలు రాక, కారణం తెలియక, పని ఆగిపోయి ఉండొచ్చు అని. ఇవాళైతే ఇది పోయిన విద్య కాదు, మూసలో ఉక్కు కరిగించి వూట్జ్ కత్తులు చేసేవాళ్లు అమెరికాలో, యూరప్‌లో, రష్యాలో ఉన్నారు.

## ఏది బాగా తెగుతుంది

అందరూ అడిగే ప్రశ్న ఇదే. పొరల కత్తి గురించి "గట్టి పొర పదునుకి, మెత్తటి పొర విరగకుండా" అని చెబుతుంటారు. వినడానికి బాగుంటుంది కానీ, 1084, 15ఎన్20 లాంటి జంటలో ఇది నిలవదు. అతికించే వేడిలో కార్బన్ పలచటి పొరల మధ్య నిమిషాల్లోనే సర్దుకుని దాదాపు సమానమవుతుంది. మిగిలే తేడా నికెల్‌ది, అది అందానికి పనికొస్తుంది. మొత్తం మీద పొరల కత్తి పనితనం అందులో కలిపిన రెండు ఉక్కుల పనితనానికి మధ్యలో ఉంటుంది, వాటిని మించదు.

వూట్జ్ సంగతి? వెర్‌హోవెన్, పెండ్రే మరొకరితో కలిసి 2008లో దీన్నీ పరీక్షించారు. ఒకే ఆకారంలో చేసిన కత్తుల్ని యంత్రంతో ఇసుక కలిసిన అట్టముక్కల మీద కోయించి చూశారు. కత్తులకు మామూలుగా ఉండే గట్టిదనంలో, అంటే గట్టిదనాన్ని కొలిచే రాక్‌వెల్ లెక్కలో 61 దగ్గర, ఆధునిక స్టెయిన్‌లెస్ ఉక్కు ముందు నిలిచింది. గట్టిదనాన్ని 41 దాకా తగ్గించి చూస్తే వూట్జ్ ముందు నిలిచింది. అంటే పాత కత్తుల ఖ్యాతి కట్టుకథ కాదు. ఆ కాలంలో చాలా కత్తులు ఇప్పటి అంత గట్టిగా ఉండేవి కావు, వాటి మధ్య ఇది నిజంగానే మేటి. ఇవాళ్టి మంచి ఉక్కుతో పోలిస్తే మాత్రం కాదు.

ఏ ఉక్కైనా చివరికి కాల్చి ముంచి గట్టిపరిచే దగ్గరే తేలుతుంది. 1084ని సుమారు 815 డిగ్రీలకు తెచ్చి నూనెలో ముంచి, తర్వాత 200 డిగ్రీల దగ్గర గంటా రెండు గంటలు నిదానంగా కాచాలి. వేడి ఎక్కువైతే లోపలి రేణువులు పెరిగి పెళుసవుతుంది, తక్కువైతే గట్టిపడదు. బ్లేడ్‌స్మిత్ సొసైటీ పరీక్షలో చూసేది ఇదే: ఒకే కత్తితో వేలాడుతున్న అంగుళం మందం తాడుని ఒక్క వేటుకి తెంచాలి, 2×4 అంగుళాల కట్టె దిమ్మని రెండుసార్లు రెండుగా నరకాలి, ఆ తర్వాత కూడా చేతి మీద వెంట్రుకలు గొరగాలి, ఆఖర్న ఆ కత్తినే వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. కత్తిని ఎవరు వంచి వాడతారు, ఈ పరీక్షకి అర్థం లేదని విమర్శించేవాళ్లున్నారు. నిజమే, కానీ కొలమానం కత్తిది కాదు, చేసినవాడి అదుపుది. ఆ సొసైటీ ఇచ్చే మాస్టర్ స్థాయికి ఈ పరీక్షని కనీసం 300 పొరల కత్తితో ఇవ్వాలి.

## మూడో రకం: పైపైన వేసిన అలలు

మామూలు ఉక్కు కత్తి మీద లేజర్‌తోనో యాసిడ్‌తోనో అలల బొమ్మ వేసి అమ్మేవి కూడా ఉన్నాయి. నిజమైన పొరలైతే గీతలు కత్తి వీపు మీదుగా అవతలి పక్కకి సాగుతాయి, పక్కల మీద ఉండి వీపు నున్నగా ఉంటే అనుమానించాల్సిందే. గరుకు కాగితంతో రుద్ది మళ్లీ ద్రావణం పెడితే అసలైన గీతలు తిరిగి వస్తాయి, వేసిన బొమ్మ రాదు.

జపాన్ వంటింటి కత్తుల్ని వీటితో కలపకూడదు. వాటిలో చాలావాటికి మధ్యలో వీజీ10 లాంటి గట్టి ఉక్కు, రెండు పక్కలా పొరల ఉక్కు తొడుగు ఉంటాయి. నకాషీ నిజమైనదే, కానీ కూరగాయని కోసేది మధ్యలోని ఉక్కు.

## మన ఊరి కమ్మరి చేసే కత్తి వీటిలో ఎక్కడుంది

దేనిలోనూ లేదు. తెలంగాణ, ఆంధ్ర ఊళ్లలో కొలిమి ఉన్న కమ్మరులు ఎక్కువగా వాడేది లారీల పాత కమాన్ కట్టలు. అవి సిలికాన్, మాంగనీస్ కలిసిన స్ప్రింగు ఉక్కు, ఈఎన్45 లాంటిది, కార్బన్ 0.5 నుంచి 0.6 శాతం. కొడవలికీ, వేట కత్తికీ, కత్తిపీటకీ ఇది చక్కగా సరిపోతుంది, దెబ్బ తగిలినా తొందరగా విరగదు. చిక్కల్లా ఏంటంటే ఏ కట్ట ఏ ఉక్కో దాని మీద రాసి ఉండదు, ఏళ్లతరబడి బరువు మోసిన పట్టాలో కంటికి కనిపించని పగుళ్లు ఉండొచ్చు. అమెరికాలో కత్తులు చేసేవాళ్లు ఈ కారణంతోనే తెలిసిన ఉక్కు కొనుక్కోమంటారు. కమ్మరి మాత్రం ముక్క కాల్చి, ముంచి, విరిచి చూసి తేల్చుకుంటాడు, కొలిమి చుట్టూ వెలుతురు తక్కువగా ఉంచుకుని ఎరుపు ఛాయ చూసి వేడి పట్టుకుంటాడు. వోయ్సీ చూసిన బట్టీలు పోయాయి, మూస పని పోయింది, ఉత్తర తెలంగాణలో 2010లో ఇంగ్లండ్ ఎక్సెటర్ యూనివర్సిటీ, బెంగళూరు నియాస్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్) పరిశోధకులు చేసిన సర్వేలో దొరికింది చిట్టెం కుప్పలూ పగిలిన మూసలూ. వేడిని రంగుతో కొలిచే ఈ పద్ధతి మాత్రం కొలిమి పని సాగుతున్న చోటల్లా ఇంకా వాడుకలోనే ఉంది, దానితో తయారైన కొడవలి సంతలో కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది.